గ్యాసునూనె వాసన

పోయిన నెల మా ఇంట్లో సోఫా సీటు కుంగిపోయింది. కొని మూడేళ్ళు కాలేదు. అమ్మినవాడు దాన్ని సింహాసనం అన్నాడు, పదేళ్ళ దాకా తిరిగి చూడక్కర్లేదన్నాడు, ఇంకేమేమో అన్నాడు. నేనూ వయసుకు తగ్గ బుద్ధి లేకుండా నమ్మాను. కరీంనగర్‌లో మా ఇంటికి నాలుగు సందుల అవతల సోఫాలు బాగుచేసే షెడ్డు ఉందంటే ఆటోలో వెళ్ళాను. అక్కడి మేస్త్రీకి నలభై ఏళ్ళుంటాయి. చేతికి కడియం, చెవిలో తెల్లటి ఇయర్‌ఫోను, నెత్తి మీదికి తోసుకున్న నల్ల కళ్ళద్దాలు. తయారైన తీరు చూస్తే పెళ్ళి బారాత్‌కి వెళ్తున్నాడనుకోవాలి, కానీ చేతిలో బంక కొట్టే స్ప్రే గన్ను ఉంది. అది బంక కొట్టడం లేదు, దగ్గుతోంది. ఒకసారి తుంపర, ఒకసారి ముద్ద, ఒకసారి ఉత్త గాలి. ఆయన దాన్ని బల్ల అంచుకేసి నాలుగు దెబ్బలు కొట్టాడు. వినలేదు. అప్పుడు కట్టుతీగ ముక్క ఒకటి వెతికి తీసి, దాని మూతిలో పెట్టి పొడవడం మొదలుపెట్టాడు.

నా ప్రాణం గిలగిలలాడింది. “ఆగు నాయినా! తీగ వెట్టకు. బొక్క ఖరాబైతది” అన్నాను.

“ఏంగాదు మేడం. గిది గిట్లనే సతాయిస్తది. ఖరాబైతే కొత్తది తెచ్చుకునుడే” అని మూలనున్న అట్టపెట్టె చూపించాడు. అందులో పది పన్నెండు గన్నులు చచ్చి పడి ఉన్నాయి. అదేదో తన ఘనత అయినట్టు చూపించాడు.

“కడుగుతవా దీన్ని?”

“ఎందుకు కడగ? నెలకొక్కపారి మొత్తానికి మొత్తం థిన్నర్ల ముంచి పెడ్త. తెల్లారి తీస్త.”

నెలకొకసారి! మొత్తానికి మొత్తం! లోపలి రబ్బరు వాషర్లు థిన్నర్‌లో అంతసేపు నానితే ఉబ్బుతాయని, ఉబ్బి చెడిన వాషరు సందులోంచి గాలి దూరుతుందని, ఆ గాలే గన్నుకు దగ్గు తెప్పిస్తుందని ఈ మనిషికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఇయర్‌ఫోను అడ్డం. నేను చేతిసంచి బల్ల మీద పెట్టి, కొంగు నడుముకు దోపి, “ఇటియ్యి” అన్నాను. ముసలామెకు ఏదో సరదా పుట్టిందనుకుని నవ్వుతూ ఇచ్చాడు. ముందు మూతి మీది టోపీని సగం తిప్పి, అట్టముక్క మీద కొట్టించాను. అంతకుముందు ఎడమకు వంగి పడుతున్న బంక ఇప్పుడు కుడికి వంగి పడింది. అంటే తప్పు టోపీలోనే, లోపలి మూతిలో కాదు. టోపీకి రెండు కొమ్ములుంటాయి, కొమ్ముకో గాలి రంధ్రం. ఒకదాంట్లో బంక ఎండి కూర్చుంది. థిన్నర్‌తో తడిపి, చీపురు పుల్లతో తీశాను. బంక పోసే గిన్నె మూతకు గాలి పీల్చుకునే సన్న రంధ్రం ఉంటుంది, అదీ పూడిపోయింది. గాలి లోపలికి రాకపోతే బంక ఎలా దిగుతుంది? సూది చుట్టూ బిగింపు వదులైతే పానాతో ఓ పిసరు తిప్పాను. పావుగంట పని. గన్ను దగ్గు మానేసి, విసనకర్ర విప్పినట్టు సమంగా కొట్టింది.

మేస్త్రీ నవ్వు ఆపి ఫోను తీశాడు. “మేడం, మళ్ళొక్కపారి మొదటి సంది జేయుండ్రి. వీడియో వెడ్త. మస్తు మంది చూస్తరు.” గన్ను కడగడం రాని మనిషి లోకానికి నేర్పడానికి తయారయ్యాడు. ఈ కాలంలో పని నేర్చుకోవడం కంటే పని చూపించడం మీద అందరికీ మోజు. నేను కొంగు దులుపుకుని లేచాను. “గిదంత ఎవలు నేర్పిండ్రు మేడం?” అన్నాడు. మా బాపు అన్నాను. “ఆయన పెద్ద గన్ను మేస్త్రీనా?” అన్నాడు. అవునని చెప్పి ఆటో ఎక్కాను. అది అబద్ధం. పోయేనాటికి మా బాపు గన్ను ముట్టుకోక పన్నెండేళ్ళు. ఎందుకు ముట్టుకోలేదో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. మా బావ గురించి చెప్పాలంటే నా గురించి కూడా చెప్పక తప్పదు. మొదటిది నాకు ఎప్పుడూ ఇష్టమైన పనే. రెండోది ఇన్నేళ్ళు వాయిదా వేస్తూ వచ్చాను.

మా ఇల్లు లక్సెట్టిపేటలో, మంచిర్యాల బస్సులు పోయే రోడ్డు మీదే ఉండేది. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు సంసారం. దుకాణమంటే సీట్ల దుకాణం. ట్రాక్టరు సీట్లు, జీపు సీట్లు, స్కూటరు సీట్లు, ఎప్పుడైనా ఒక పెళ్ళివారి సోఫా. స్పాంజిని చెక్క మీద అంటించి, దాని మీద రెగ్జిన్ లాగి, కింద మేకులు కొట్టడం బాపు పని. అంటించే బంకను అందరూ సొల్యూషన్ అనేవాళ్ళు. దాని వాసన ఎలాంటిదో, దాంతో కాపురం చేయని వాళ్ళకు చెప్పడం కష్టం. తీయగా మొదలై, ముక్కు వెనక్కి పోయి, తలనొప్పిగా మారి అక్కడే ఉండిపోయేది. అవ్వ, అంటే మా అమ్మ, అన్నం గిన్నెకు ఒకటి మీద ఒకటి రెండు మూతలు పెట్టేది. “నేను వండేది పప్పు, మీరు తినేది సీటు” అని రోజూ ఒకసారైనా అనేది. సాయంత్రం ప్రార్థనకు అందరం చాప మీద కూర్చుంటే, బాపు బైబిలు తెరవగానే ఆ పేజీల్లోంచి కూడా సొల్యూషన్ వాసనే వచ్చేది. ఆ రోజులు బంగారమనీ, అప్పటి గాలీ నీరూ వేరనీ రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. మా గాలి సంగతి నాకు తెలుసు.

బాపుకు మాత్రం ఆ వాసన తెలిసేది కాదు. ఏ వాసనా తెలిసేది కాదు. ముప్పై ఏళ్ళు సొల్యూషన్ పీల్చి పీల్చి ఆయన ముక్కు ఊరికే ముఖానికి అందంగా మిగిలింది. అవ్వ ఒకరోజు పప్పు మాడబెట్టి, ఏమంటాడో అని భయపడుతూ వడ్డిస్తే, “ఇయ్యాల మంచిగున్నది” అని రెండోసారి పెట్టించుకున్నాడు. తిండి దగ్గర అది నవ్వులాటే, పని దగ్గర కాదు. సొల్యూషన్ పలచన చేయడానికీ, గన్ను కడగడానికీ థిన్నర్ కావాలి. దాంట్లో గ్యాసునూనె కలిపి అమ్మే దొంగలు అప్పుడూ ఉన్నారు. మా వైపు కిరోసిన్‌ను గ్యాసునూనె అంటాం. థిన్నర్ ఆరిపోతుంది, గ్యాసునూనె ఆరదు, జిడ్డు మిగుల్చుతుంది. జిడ్డు మీద ఏ బంకా పట్టదు. పట్టినట్టు నాటకమాడి తర్వాత వదిలేస్తుంది. కాబట్టి ఏ డబ్బా మూత తీసినా, ఏ గిన్నె కలిపినా బాపు లోపలికి కేకేసేవాడు: “సుగుణా, వాసన జూడు బిడ్డా!” నేను చేస్తున్న పని వదిలి వచ్చి, వంగి, ఒకసారి పీల్చి, “మంచిగున్నది” అంటే పని మొదలయ్యేది. “ఊహూఁ” అంటే ఆ డబ్బా తిరిగి మంచిర్యాల బస్సెక్కేది. షాపువాడు ఎంత వాదించినా బాపు ఒకటే మాట చెప్పేవాడు: “నా బిడ్డె ముక్కు అబద్ధమాడది.”

గన్నును బాపు మంచిర్యాలలో మూతపడుతున్న ఒక బస్సు బాడీల షెడ్డు నుంచి తెచ్చాడు. దాంతో పాటు మూడు చక్రాల గాలి మిషను. అప్పటిదాకా కుంచెతో పూసేవాడు. నేను ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో ఉన్న రోజులు. చూసుకుపోవడానికి ఎవరో ఒకరు వచ్చేదాకా ఆడపిల్ల చేసే పని అది, ఉండటం. నాకు ఉండటం చేతకాలేదు. ఇద్దరం కలిసి గన్ను నేర్చుకున్నాం. నేర్పేవాడు లేడు, పుస్తకం లేదు. బంక సాలెగూడు దారాల్లా పడితే చిక్కనైందని, గాలి చాల్లేదని తెలుసుకున్నాం. ఊరికే ఉన్నప్పుడు మూతి కారితే సూది కొస సరిగా కూర్చోలేదని తెలుసుకున్నాం. వానాకాలం గోదావరి మీది తడిగాలికి మిషను పొట్టలో నీళ్ళు చేరతాయి, పొద్దున్నే అడుగు తూము విప్పి వదలకపోతే బంక మీద తెల్లటి మచ్చ వస్తుంది, అదీ మూడు సీట్లు పాడయ్యాకే తెలిసింది. చూస్తూ చూస్తూ ఏడాదిలో గన్ను నా చేతికి వచ్చేసింది. బాపు మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఆయన కత్తిరించేవాడు, నేను కొట్టేదాన్ని.

శనివారం సాయంత్రం గన్ను కడగడం మా ఇంట్లో ప్రార్థన అంత నియమం. రోజూ పని అయ్యాక థిన్నర్ పోసి ఒకసారి కొట్టించి వదిలేవాళ్ళం, కానీ ఆదివారం చర్చి, పని బంద్. ఒక రోజంతా గన్ను కదలకుండా ఉంటే లోపలి బంక రాయి అవుతుంది. అందుకని శనివారం పూర్తిగా విప్పాలి. పాత పేపరు పరిచి, విప్పిన వరసలో ముక్కలు పెట్టాలి: టోపీ, మూతి, సూది, స్ప్రింగు. వరస తప్పితే బాపు ఒప్పుకునేవాడు కాదు. ఇనుప ముక్కలు థిన్నర్ గిన్నెలో, రబ్బరు ముక్కలు బయట, ఉత్త గుడ్డతో తుడవాలి. చీపురు పుల్ల తప్ప ఏదీ రంధ్రంలోకి పోకూడదు. బిగించేటప్పుడు సూది బిగింపు దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె, ఒక్క చుక్కే, అదీ బంక పారే దారికి తగలకుండా. అంతా అయ్యాక ఉత్త గాలి కొట్టించి, నేను వాసన చూసి, “థిన్నర్ వోయింది బాపూ” అనాలి. అప్పుడే ఆయన చేతులు కడుక్కునేవాడు. ఇంత జాగ్రత్త ఒక సెకండ్ హ్యాండ్ గన్నుకు. ఆ మేస్త్రీ అట్టపెట్టెలో పడి ఉన్నవి అన్నీ కలిపినా మా గన్ను బతికినన్ని రోజులు బతికి ఉండవు.

నాకు ఆ దుకాణం కావాలి. అప్పట్లో ఇంత సూటిగా ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు. కానీ బాపుకు కొడుకుల్లేరు, మోకాళ్ళు లేవు, ముక్కు లేదు. గన్ను నా చేతిలో ఉంది. ఇంకెవరికి పోతుందిలే అని ధీమాగా ఉన్నాను. ఆ ధీమాలో ఉండగా సాల్మన్ బావ దుబాయి నుంచి దిగాడు.

సాల్మన్ బావ మా అక్క భర్త. దుబాయిలో సోఫాల ఫ్యాక్టరీలో పని అని చెప్పుకునేవాడు. ఏం పని అంటే చెప్పేవాడు కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనతో పాటు ఉన్న మంథని మనిషి చెబితే తెలిసింది, తయారైన సోఫాలను లారీల్లోకి ఎక్కించే పని. అందులో తప్పేమీ లేదు, నడుము విరిగే కష్టం. అది దాచి పెద్ద మేస్త్రీ వేషం వేయడమే తప్పు. వచ్చిన మూడో రోజు దుకాణంలో కుర్చీ వేసుకుని, వాసన కొట్టే అత్తరు పూసుకుని కూర్చుని, మా పని చూస్తూ పెదవి విరిచాడు. “గిదేం పని మామా! దుబాయిల మేకు అనేదే లేదు. అంత సొల్యూషనే. మేకులు కొట్టిన సీటును ఆడ గాడిదె గూడ ముట్టది.” ఇంకా ఆ దేశంలో రోడ్డు మీద అన్నం కలుపుకుని తినొచ్చన్నాడు, సోఫాలో కూర్చుంటే అదే ఊపుతుందన్నాడు. బాపు నోరు తెరుచుకుని విన్నాడు. నా వైపు తిరిగి, “సూడుండ్రి మామా, ఆడివిల్ల చేతికి పిస్తోల్ ఏంది? రేపు సంబంధం వచ్చినోడు సూస్తే ఏమనుకుంటడు?” అన్నాడు.

“ఏమనుకుంటడు బావా? పని వచ్చిన పొల్ల అనుకుంటడు. నీకు పెండ్లైంది గద, నీకెందుకు ఫికర్?” అన్నాను.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు నవ్వలేదు. “అల్లుడు వచ్చిండు గద బిడ్డా. బయటి దేశం పని జూసిండు. జర పక్కకు జరుగు. నువ్వు పైపింగు కుట్టు” అన్నాడు. బాపు నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు, అప్పుడూ మాట్లాడలేదు. గన్ను నా చేతిలోంచి తీసుకుని బావ చేతిలో పెట్టాడు. అల్లుడు ఇక్కడే నిలబడిపోతే అక్క కాపురం కళ్ళ ముందు ఉంటుందని ఆయన ఆశ. అది ఈ రోజు అర్థమవుతోంది. ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. సీట్ల అంచులకు పైపింగు పట్టీ కుట్టే మిషను ముందు కూర్చుని, పక్క గదిలో నా గన్నును ఆ మనిషి తప్పుగా పట్టుకున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే మా చర్చి పని వచ్చింది. సంఘానికి కొత్త బెంచీలు చేయించారు, వాటి మీదికి మెత్తలు కావాలి, నలభై మెత్తలు, ముదురు ఎరుపు రెగ్జిన్‌తో. ప్రతిష్ఠ పండుగకు పక్క ఊళ్ళ సంఘాలు కూడా వస్తాయి. పాస్టరు అయ్యగారు స్వయంగా ఇంటికి వచ్చి, చాయ తాగి, బాపు చేతులు పట్టుకుని, “నీ చేతి పని దేవుని ఇంట్ల ఉండాలె” అన్నారు. బాపు ఆ రోజంతా ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆయనకు జీవితంలో దొరికిన పెద్ద గౌరవం అది. ఈ పని ఎలా అవుతుందో చూసి దుకాణం సంగతి తేలుస్తానని ఆ సాయంత్రమే అవ్వతో అన్నాడు. అల్లుని చేతికి పని వస్తే అల్లునిదే అన్నాడు. నేను వంటింట్లో విన్నాను.

బావ శనివారం గన్ను విప్పలేదు. విప్పడం ఏం పని, దుబాయిలో ఎవరూ విప్పరు అన్నాడు. గిన్నెలో గ్యాసునూనె పోసి, అలాగే వదిలి ఆదివారం చర్చికి తయారయ్యాడు; బాపు అది థిన్నరే అనుకున్నాడు. సోమవారం పొద్దున సొల్యూషన్ చిక్కగా ఉండి దారాలు పడుతుంటే బాపు దుకాణంలోకి రాకముందే అందులో కూడా ఒక గ్లాసు గ్యాసునూనె పోసి కలిపాడు. పలచగా, ఝామ్మని వచ్చింది. “సూసిండ్రా మామా!” అన్నాడు. దుబాయిలో లారీ డ్రైవర్లు ఇంజను సామాన్లు ‘గ్యాస్ ఆయిల్’తో కడగడం ఆయన చూశాడట. అక్కడ డీజిలుకు ఆ పేరు. ఈయన చెవిలో అది మన గ్యాసునూనె అయి కూర్చుంది. డీజిలైనా, కిరోసినైనా సొల్యూషన్‌కు రెండూ విషమే, కానీ గొప్పలు చెప్పేవాడి చెవి అంతే, సగం విని మిగతాది తానే తయారు చేసుకుంటుంది.

ఇప్పుడు నా సంగతి. ఆ సోమవారం బాపు అలవాటు ప్రకారం కేకేశాడు. “సుగుణా, వాసన జూడు బిడ్డా!” మిషను ఆపి వెళ్ళాను. వంగనక్కర్లేదు, గడపలోనే ముక్కుకు కొట్టింది. సొల్యూషన్ తీపి వెనక, స్టవ్వు ఆర్పినప్పుడు వచ్చే ఆ మసి వాసన. బావ అత్తరు కూడా దాన్ని దాచలేకపోయింది. రోజంతా గ్యాసునూనె స్టవ్వు ముందే ఉండే అవ్వకు మాత్రం అది కొత్త వాసన కాదు. బావ నా ముఖం వైపు చూడనైనా లేదు, ఈల వేస్తున్నాడు. నేను గిన్నె మీదికి వంగి, రోజూ పీల్చినట్టే పీల్చాను. పీల్చేంతసేపట్లో అంతా ఆలోచించాను. అనాలోచితంగా చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఊడనీ, అనుకున్నాను. రెండు మూడు మెత్తలు దుకాణంలోనే ఊడతాయి, దుబాయి బండారం బయటపడుతుంది, గన్ను నా చేతికి వస్తుంది అనుకున్నాను. లేచి బాపు కళ్ళలోకి చూసి, “మంచిగున్నది” అన్నాను.

దుకాణంలో ఒక్కటీ ఊడలేదు. అదే దారుణం. గ్యాసునూనె కలిసిన సొల్యూషన్ కొత్తలో చక్కగా అంటుకుంది. రోజుకు ఎనిమిదేసి మెత్తలు లేచాయి. మేకులు కొట్టలేదు, దుబాయి పద్ధతి. బాపు ఒక్కొక్కదాన్నీ చేత్తో నిమిరి, “నున్నగున్నయి” అని మురిశాడు. రోజూ నన్ను పిలిచాడు, రోజూ నేను మంచిగున్నదన్నాను. రెండో రోజు చెప్పాలనుకున్నాను. చెబితే మొదటి రోజు ఎందుకు చెప్పలేదంటారు. మూడో రోజుకు అది ఇంకా కష్టమైంది. ఐదో రోజుకు మెత్తలన్నీ ఎద్దుల బండి మీద చర్చికి వెళ్ళిపోయాయి.

ప్రతిష్ఠ నాడు ఎండ మండిపోతోంది. రేకుల కప్పు కింద మూడు వందల మంది. బాపు తెల్ల లాల్చీ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. వాక్యం అయ్యేదాకా ఏమీ కాలేదు. కీర్తనకు అందరూ లేచి నిలబడ్డారు, పాడారు, మళ్ళీ కూర్చున్నారు. కూర్చునేసరికి మూడో బెంచీలో ఒక ముసలామె మెల్లగా ముందుకు జారి, రెగ్జిన్‌తో సహా నేల మీదికి వచ్చి కూర్చుంది. కింద చెక్క మీద స్పాంజి ఒక్కటే పసుపుపచ్చగా మిగిలింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నాలుగో బెంచీ. ఆ తర్వాత ఎక్కడని చెప్పను. మెత్తలు ముక్కలు ముక్కలుగా విడిపోతుంటే జనం లేచి దులుపుకుని, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, చివరికి పిల్లలతో పాటు పెద్దలూ పగలబడి నవ్వారు. పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన, “ఎవల చేతి పనో గని, దేవుని ఇంట్ల జారుడు బండ వెట్టిండు” అన్నాడు. బాపు లేచి ముసలామె దగ్గరకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె కాలు పట్టుకుని, “దెబ్బ తాకిందా అవ్వా?” అని అడిగాడు. నేను మొదటిసారి ఆయన్ని అందరి కాళ్ళ మధ్య చూశాను.

ఊడిన రెగ్జిన్ ఇంటికి తెచ్చి పరిస్తే అవ్వ ముక్కు మూసుకుంది. “గ్యాసునూనె గుప్పుమంటున్నది గదా!” అంది. బావ దుబాయి మాట ఎత్తాడు, ఎవరూ వినలేదు. నెల తిరక్కుండా మళ్ళీ దుబాయి వెళ్ళిపోయాడు, తల ఎత్తుకోలేక. అక్క నాలుగేళ్ళు మా ఇంట్లో ఒంటరిగా ఉంది. బాపు నలభై మెత్తలూ వెనక్కి తెచ్చి, నేల మీద కూర్చుని, కుంచెతో, మేకులతో, ఒక్కడే మళ్ళీ చేశాడు. సాయం చేస్తానంటే వద్దన్నాడు. గన్ను వైపు చూడలేదు. ఎనిమిది రోజులు పట్టింది.

ఈ కథ మా చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, బావ కథగా. అల్లుడు ఆగం చేసిన దుకాణాన్ని చిన్న బిడ్డె నిలబెట్టిందంటారు. పన్నెండేళ్ళు నడిపాను, నిజమే. బాపు పోయాక మూసేసి, కరీంనగర్ వచ్చి, పత్రికలకు రాసుకుంటూ ముసలిదాన్నయ్యాను. బావను వెక్కిరిస్తూ ఎన్నిసార్లు నవ్వించానో లెక్కలేదు. ఆ రోజు షెడ్డులో మేస్త్రీని కూడా కడుపునిండా వెక్కిరించుకున్నాను. ఆయన తెలియక పాడు చేస్తున్నాడు, బావ తెలియక పాడు చేశాడు. తెలిసి పాడు చేసింది ఈ మొత్తంలో నేనొక్కదాన్నే. అప్పటి పని శ్రద్ధ, ఇప్పటి పని అశ్రద్ధ అని తూకం వేసేటప్పుడు నేను ఏ పళ్ళెంలో కూర్చోవాలో నాకే తెలియదు.

చివరి మెత్త అయిపోయిన శనివారం మధ్యాహ్నం బాపు చేతులు తుడుచుకుంటూ నన్ను పిలిచాడు. దుకాణంలో ఇద్దరమే.

“సుగుణా. ఆ సోమారం నిన్ను అడిగితి గద, వాసన ఎట్లున్నదని.”

“అడిగినవ్ బాపూ.”

“మంచిగున్నదంటివి.”

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చింది ఇది: “నాకు జలుబు చేసిండె బాపూ. ముక్కు వట్టింది. వాసన రాలే.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. నమ్మాడో, నమ్మినట్టు ఉండాలని ఆ క్షణంలో నిర్ణయించుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. “గట్లనా. చెప్పకపోతివి బిడ్డా” అన్నాడు. గోడ పట్టుకుని లేచాడు. పెరట్లోకి వెళ్ళి తానే వావిలాకు తెంపాడు, అవ్వ చేత నీళ్ళు కాగబెట్టించాడు, గిన్నె నా ముందు పెట్టి, తల మీద చెద్దరు కప్పాడు. ఎదురుగా కూర్చుని, గాలి పోకుండా రెండు చేతులతో దాని అంచులు పట్టుకున్నాడు. లోపల చీకటి, ఆవిరి, ఆకు ఘాటు. నా ముక్కుకు ఏమీ కాలేదు, అన్నీ తెలుస్తున్నాయి. ఆయన వేళ్ళకు అంటిన సొల్యూషన్ కూడా తెలుస్తోంది. ఏడుస్తున్నాను. ఆవిరి అనుకుంటాడులే అని ఆపుకోలేదు.

“మంచిగ పీల్చు” అన్నాడు బయటి నుంచి. “ఇగ దుకాణం నువ్వే జూసుకోవాలె బిడ్డా. నాకు వాసన దెల్వదు గద.”

“సరే బాపూ” అన్నాను చెద్దరు కింద నుంచి.